వెళ్ళొస్తానన్న ఇల్లు

లక్ష్మీదుర్గ పొద్దున్నే లేచి కుక్కరు పెట్టేది. భవ్యకి రెండు జడలు వేసేది, ముగ్గురికీ క్యారేజీలు కట్టేది, మొగుడు త్రినాథ్ పత్తి జిన్నింగు మిల్లుకి బయల్దేరగానే తనూ చీర సర్దుకుని చిలకలూరిపేట సెంటర్లో సంస్థ జీపు కోసం నిలబడేది. జీపెక్కి ఎక్కడికి వెళ్ళేదయ్యా అంటే, చావు ఇళ్ళకి. అదే ఆమె ఉద్యోగం.

ఇలా అంటే వాళ్ళత్తగారికి గిట్టేది కాదు. సేవ అని చెప్పుకోవచ్చుగా, నోటికి మంచిమాట రాదా అని విసుక్కునేది. సరే, సేవే. పత్తి వరసగా దెబ్బకొట్టిన సంవత్సరాలవి, రెండువేల నాలుగు, అయిదు. పచ్చపురుగు మీద ఏ మందు కొట్టినా చచ్చేది కాదు, అదే మందు మనిషి తాగితే మాత్రం చక్కగా పనిచేసేది. అలాంటి ఇళ్ళకి సాయం చేస్తామని ఒక సంస్థ పేటలో ఆఫీసు తెరిచింది. లక్ష్మీదుర్గ లాంటివాళ్ళు ఊళ్ళు తిరిగి, ఆ ఇంటివాళ్ళ దగ్గర కూర్చుని, అడగాల్సినవి అడిగి, అది జెన్యూన్ కేసా కాదా తేల్చుకు రావాలి. చావులో జెన్యూన్ ఏంటని నన్నడక్కండి. ఆఫీసులో అదే మాట వాడేవాళ్ళు, కొన్నాళ్ళకి ఆమె నోటికీ అదే అలవాటైంది.

జీపు నడిపేది పీరు. యాభై దాటిన మనిషి, ఆ చుట్టుపక్కల ఏ డొంక ఎక్కడికి పోతుందో తెలిసినవాడు. ఆమె పీరు బాబాయ్ అనేది, ఆయన అమ్మాయ్ అనేవాడు. ఉద్యోగంలో చేరిన మొదటిరోజే ఆయన ఆమెకి ఒక సంగతి గుర్తుచేశాడు. కొత్త సంగతేం కాదు, తెలుగునాట పుట్టిన ఎవరికైనా తెలిసిందే. మామూలు ఇంట్లోంచి లేచేటప్పుడు వెళ్తాను అనకూడదు, వెళ్ళొస్తాను అనాలి. చావు ఇంట్లోంచి లేచేటప్పుడు వెళ్ళొస్తాను అని చచ్చినా అనకూడదు. మళ్ళీ వచ్చే పని ఆ ఇంట్లో పడకూడదు కదా. ఊరికే లేవాలి, చెప్పులేసుకోవాలి, వెనక్కి చూడకుండా నడవాలి.

వినడానికి తేలికే. పొద్దున్నించి సాయంత్రం దాకా నాలుగిళ్ళలో కూర్చుని, నాలుగిళ్ళ ఏడుపూ విని, ప్రతిచోటా ఒక్క మాట కూడా అనకుండా లేచి రావడం మొదట్లో ఆమెకి మహా కష్టంగా ఉండేది. నోట్లో ఏదో మిగిలిపోయినట్టుండేది. జీపెక్కాక పీరుతో అనవసరంగా వాగేది. తర్వాత తర్వాత లేవడంలో ఆరితేరిపోయింది. ఆమె ఎప్పుడు లేచిందో, ఎప్పుడు పోయిందో ఇంటివాళ్ళకే తెలిసేది కాదు.

అలా ఆరితేరిన మనిషే ఒకరోజు నోరుజారింది.

ఆ ఊరి పేరు చెబితే అక్కడివాళ్ళు నా మీదికి తగువుకొస్తారు. పర్చూరు దాటాక ఎడమచేతి వైపు అనుకోండి. చనిపోయినవాడు బాపయ్య. ఇంట్లో మిగిలింది భార్య అంకమ్మ, తల్లి సుబ్బరావమ్మ. రేకుల ఇల్లు, ముందు అరుగు, అరుగు మీద రెండు గుంజలు. లక్ష్మీదుర్గ గుంజ పక్కన చాప మీద కూర్చుని మొదటి ప్రశ్న అడిగింది. పొలం ఎవరి పేరు మీద ఉందమ్మా అని.

"కౌలమ్మా" అంది అంకమ్మ.

అంతే. ఆ ఇంటి సంగతి అక్కడికి తేలిపోయింది. భూమి సొంతపేరు మీద ఉంటేనే సాయం. కౌలురైతుకి లేదు, అది పైవాళ్ళ రూలు. కానీ ఇంకో రూలు కూడా ఉంది. ఇంటికి వెళ్ళాక, సాయం వచ్చేదైనా రానిదైనా, ప్రశ్నలన్నీ అడగాల్సిందే. పైవాళ్ళకి వివరాలు కావాలి. వివరాలుంటేనే డబ్బులిచ్చేవాళ్ళు నమ్ముతారు.

అందుకని లక్ష్మీదుర్గ అడుగుతూ పోయింది. మందు ఎక్కడ తాగాడు, ముందు ఎవరు చూశారు, ఎందులో ఎక్కించారు, అప్పటికి మాట్లాడుతున్నాడా. అంకమ్మ ఏదీ దాచలేదు. అంత చదువుకున్నావిడ అంత ఓపిగ్గా అడుగుతుంటే, చెప్పేకొద్దీ సాయం దగ్గరికొస్తుందని అనుకుంది పాపం. అప్పటిదాకా అత్తకి కూడా చెప్పని మాట ఒకటి చెప్పింది. ట్రాక్టర్లో వేసుకుపోతుంటే బాపయ్య దారిపొడుగునా మంచినీళ్ళు అడిగాడట. నీళ్ళు పోస్తే మందు ఇంకా ఎక్కిద్దని పక్కనున్నవాళ్ళు పోయొద్దన్నారు. ఆమె పోయలేదు. చెంబు ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది. అది విని సుబ్బరావమ్మ కోడలి వంక చూసి, మొహం గోడవైపు తిప్పుకుంది. దారిలో స్పృహలో ఉన్నాడు అని లక్ష్మీదుర్గ రాసుకుంది.

అన్నీ అయ్యాక అంకమ్మ అడిగింది. "వచ్చిద్దా అమ్మా?"

రాదు అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? రెండక్షరాలు. ఆ రెండక్షరాలూ ఆమె గొంతులోంచి రాలేదు. పైవాళ్ళతో మాట్లాడి చెబుతామమ్మా అంది. అని లేచింది. అంకమ్మ ఆమె మొహంలోకి అట్లాగే చూస్తోంది. ఆ చూపులోంచి ఎట్లా బయటపడాలో తెలియక, చెప్పులేసుకుంటూ, "వెళ్ళొస్తానమ్మా" అనేసింది.

అరుగు కింద కూర్చున్న ఆడవాళ్ళు మాటలాపేశారు. పీరు జీపు దగ్గర తల దించుకున్నాడు. సగం దూరం వచ్చాక, అదేందమ్మాయ్ అట్లా అన్నావు అన్నాడు.

నెల తిరక్కుండా అంకమ్మ పోయింది. మొగుడు తాగిన డబ్బాలోదే, చేనుగట్టు మీదికి తీసుకుపోయి తాగింది.

ఆ మండలం లక్ష్మీదుర్గది కాబట్టి ఆమే వెళ్ళాలి. వెళ్ళింది. అదే చాప, అదే గుంజ. ఈసారి ఎదురుగా సుబ్బరావమ్మ ఒక్కతే. పొలం ఎవరి పేరు మీద ఉందమ్మా అని మళ్ళీ మొదటినుంచీ అడిగింది. అడక్కపోతే ఆఫీసులో ఊరుకోరు. ముసలామె అన్నిటికీ అవును, కాదు అని చెప్పింది. అయ్యాక లక్ష్మీదుర్గ లేచింది, చెప్పులేసుకుంది, ఒక్క మాట అనకుండా నడిచి జీపెక్కింది. పద్ధతి తప్పలేదు.

ఆమె నీడ మాత్రం లేవలేదు. గుంజకి ఆనుకుని, మోకాళ్ళు దగ్గరికి పెట్టుకుని, అరుగు మీదే కూర్చుండిపోయింది.

ఎండ మీద పడుతుంటే జీపులో పీరు పక్కకి చూసి, అమ్మాయ్ నీ నీడ అక్కడే ఉండిపోయినట్టుంది, వెనక్కి తిప్పనా అన్నాడు. ఆమె వద్దంది. నేను ఆ గుమ్మం తొక్కి వచ్చాక ఒకళ్ళు పోయారు బాబాయ్, ఇంక ఆ ఇంట్లో మిగిలింది ఆ మామ్మే అంది. పీరు గేరు మార్చి ముందుకే పోనిచ్చాడు.

పేటలో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. కిరాణాకొట్టాయన అడిగితే ఫలానా ఊళ్ళో ఉండిపోయిందండి అని చెప్పింది. అట్లాగా, అయితే ఎండన పడి తిరగబాకమ్మా, నీడలేని మనిషికి తొందరగా వడదెబ్బ తగిలిద్ది అని ఆయన చింతపండు పొట్లం కట్టిచ్చాడు. అత్తగారు మొదటివారం దిష్టి తీసింది, తర్వాత మానేసింది. త్రినాథ్ ఓ గొడుగు కొనుక్కొచ్చాడు.

నీడ పోతే పోయింది గానీ, దాంతోపాటు ఇంకేదో కూడా అక్కడే ఉండిపోయిందని ఆమెకి మెల్లగా తెలిసొచ్చింది. ఏ ఇంట్లో ఏ సంగతి విన్నా ఇదివరకట్లా కడుపులో దేవినట్టు ఉండటంలేదు. మధ్యాహ్నం రెండు ఇళ్ళ మధ్య జీపులో క్యారేజీ విప్పి, అడుగున మెతుకు మిగలకుండా తినేది. ఆఫీసులో మెచ్చుకున్నారు. ఇదివరకు రోజుకి నాలుగిళ్ళు చూస్తే ఇప్పుడు ఆరు చూసొస్తోంది, కొత్తవాళ్ళు ఆమెని చూసి నేర్చుకోవాలన్నారు. తమ్ముడి వరసైన వాడి పెళ్ళిలో అందరూ నవ్వుతుంటే ఎక్కడ నవ్వాలో చూసుకుని తనూ నవ్వింది. బాధ కూడా లేదు. బాధ ఉంటే బావుండేదని అనుకునేది, ఆ అనుకోవడంలో కూడా ఏమీ ఉండేది కాదు.

సిబ్బంది మనసుల బాగు కోసమని సంస్థవాళ్ళు ఒంగోల్లో ఓ హోటలు హాల్లో ట్రెయినింగు పెట్టించారు. హైదరాబాదు నించి ఒకాయన వచ్చాడు. మంచివాడే. కళ్ళు మూసుకుని ఊపిరి పీల్చి వదలమన్నాడు. ఇప్పుడెలా ఉందో పదికి మార్కులు వేసుకోమన్నాడు. అయిదు అంది లక్ష్మీదుర్గ. పొద్దున అయిదు, భోజనాలయ్యాక అయిదు, సాయంత్రం గ్రూపు ఫొటో అప్పుడూ అయిదే. ఆయన ఆమె కుర్చీ కింద నీడ లేకపోవడం గమనించి, మిమ్మల్ని మీరు కూడా కాస్త చూసుకోవాలండీ, వారానికో సినిమా అయినా చూడండి అని సలహా ఇచ్చాడు. పోయినావిడ సంగతి చెబితే, అందులో మీ తప్పేం లేదు, రూలు మీరు పెట్టింది కాదుగా అన్నాడు. ఆఫీసువాళ్ళూ అదే అన్నారు. ఊళ్ళోవాళ్ళేమో ఆ మాట అనకుండా ఉండాల్సిందమ్మా అన్నారు. ఆమెకి ఊళ్ళోవాళ్ళ మాటే నిజమనిపించింది. వెళ్ళొస్తానని తనే అంది, ఆ మాటే మనిషిని తీసుకుపోయి తనని మళ్ళీ రప్పించింది.

త్రినాథ్ మిల్లునించి తలనిండా దూదితో వచ్చి, స్నానం చేసి, ఆమె పక్కన కూర్చుని ఎన్నోసార్లు చెప్పాడు. ఒక్కసారి పోయి తెచ్చుకోవే, నేనూ వస్తాను తోడు అని. మూడోసారి ఆ గుమ్మం తొక్కితే మామ్మ కూడా పోయిద్దేమోనని ఆమె భయం. దాన్ని భయం అనడం కూడా ఎందుకులెండి, అది ఒక లెక్కలాగా తలలో ఉండిపోయింది. నీడ అక్కడుండటమే మేలు, తను ఇక్కడుండటమే మేలు.

ఫాల్గుణమాసంలో ఒక ఆదివారం పక్కింటి ఖాజాబీ పెరుగు తోడుకోసం వచ్చి గుమ్మంలోంచి కేకేసింది. లక్ష్మీదుర్గ హాల్లోనే కూర్చుని కందిపప్పు ఏరుతోంది. భవ్య అక్కడే బొమ్మలకి రంగులేస్తోంది. మీ అమ్మ లేదుటే అని ఖాజాబీ అడిగింది.

భవ్య తలెత్తి, తల్లిని చూసి, మళ్ళీ రంగుల్లోకి తల వంచింది. "లేదు పిన్నీ. ఇంకా రాలేదు" అంది.

పిల్ల అబద్ధం ఆడలేదు, ఆట పట్టించలేదు. ఖాజాబీ కూడా సరేలే వచ్చాక చెప్పు అని వెళ్ళిపోయింది. లక్ష్మీదుర్గ చాటలో రాయి ఒకటి తీసి పక్కన పెట్టింది. ఇప్పుడు నాకు ఏడుపు రావాలి అనుకుంది. రాలేదు. ఈ పిల్ల నన్ను ఇట్లాగే లేనట్టు లెక్కేసుకుని పెరిగి పెద్దదయిపోతుంది అని మాత్రం అర్థమైంది.

మర్నాడు జీపులో పీరు చెప్పాడు. వాళ్ళమ్మాయి కౌసర్‌ని ఇచ్చింది ఆ పక్కూరే, చూట్టానికి పోయి వస్తూ ఆ ఇంటి ముందునించి వచ్చాడట. నీడ అరుగు మీదే ఉంది. సుబ్బరావమ్మ మాత్రం బయటికి రావడంలేదట, వారంనించీ పొయ్యి వెలిగించట్లేదని ఎదురింటివాళ్ళు అన్నారట. ఎంతోకాలం ఉండదమ్మాయ్ అన్నాడు. ఉండకపోతే ఎవరు వెళ్ళాలో ఇద్దరికీ తెలుసు. అదే చాప మీద కూర్చుని, ఈసారి ఎదురింటివాళ్ళని, పొలం ఎవరి పేరు మీద ఉందండీ అని అడగాలి.

లక్ష్మీదుర్గ జీపు ఆపమంది. ఈరోజు సెలవని ఆఫీసులో చెప్పమని దిగి, ఆటోలో ఇంటికొచ్చి, త్రినాథ్ మోపెడ్ తీసుకుని బయల్దేరింది.

దారికి రెండువైపులా కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఆడవాళ్ళు మొహాలకి గుడ్డలు కట్టుకుని రంగు పోయిన తాలుకాయ ఏరుతున్నారు. ఊళ్ళోకి వెళ్ళి, ఇంటి ముందు బండి స్టాండు వేసింది. నీడ ఆమెని చూసి కూడా కదల్లేదు. దాన్ని దాటుకుని లోపలికి వెళ్ళింది. ముసలామె నులకమంచం మీద పడుకుని ఉంది. బుగ్గలు లోపలికి పోయాయి, కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి.

"వచ్చావా" అంది సుబ్బరావమ్మ. "నీది బయట ఉంది. తీసుకుపో."

లక్ష్మీదుర్గ మంచం పక్కన నేల మీద కూర్చుంది. తను వచ్చింది దానికోసం కాదంది. దారంతా మనసులో సర్దుకున్న మాటలు అప్పజెప్పినట్టు చెప్పింది. ఆరోజు లేచేటప్పుడు చావు ఇంట్లో అనకూడని మాట అన్నాను మామ్మా, ఆ మాటే అంకమ్మని తీసుకుపోయింది, నన్ను క్షమించు అంది.

"ఏ మాట?"

"వెళ్ళొస్తానన్నాను."

సుబ్బరావమ్మ మోచెయ్యి ఆనించుకుని లేచి కూర్చుంది.

"ఆ మాటకేమొచ్చిందే? నువ్వు మాకు ఇచ్చిపోయింది ఆ మాటొక్కటే. వస్తానందిగా అత్తా, వచ్చి ఏదో ఒకటి తేల్చి చెప్పిద్దిలే అని, ఆ మాట పట్టుకునే అది అన్నం తింది. పొద్దున్నే అరుగు అలికి చాప పరిచేది. జీపు చప్పుడైతే వీధిలోకి పోయి చూసేది. నువ్వు రాలా."

సుబ్బరావమ్మ మంచం పట్టె పట్టుకుని ఇంకాస్త ముందుకి జరిగింది.

"సంతలో ఎవరో చెప్పారు, కౌలోళ్ళకి ఇవ్వరంట, ముందునించీ అంతేనంట అని. ఇంటికొచ్చి గుంజ పట్టుకుని నిలబడింది. తెలిసి కూడా నా చేత అదంతా చెప్పించిందా అత్తా, అంది. ఆ చెంబు సంగతి కూడా చెప్పానే, అంది. అంతే. ఇంకేం అనలా. తెల్లారి చేనుకి పోయింది."

మళ్ళీ ఆమే అడిగింది. "తెలుసా నీకు? ఆరోజే?"

"తెలుసు మామ్మా. మొదటి ప్రశ్నకే తెలిసింది."

ఆ ముక్క తన నోటి నించి తనే వింది లక్ష్మీదుర్గ. ఇన్నాళ్ళూ ఒక మాట అన్నందుకు తనని తను తిట్టుకుంది. తిట్టుకోవాల్సింది అది కాదు. తెలిసి కూర్చుంది, తెలిసి అడిగింది, ఒక మనిషి తన మొగుడికి ఇవ్వని నీళ్ళ సంగతి బయటికి లాగి దాన్ని ఒక ముక్కలో రాసుకుపోయింది, మళ్ళీ ఆ వైపు రాలేదు. ఏడుపొచ్చింది. అందంగా ఏమీ రాలేదు, పొలమారినట్టు, వాంతి అయినట్టు వచ్చింది. నేలమీద రెండు చేతులూ ఆనించుకుని ఏడ్చింది. బతికున్నంతకాలం పోని సిగ్గు అది, పోకూడదని కూడా ఆమెకి తెలుసు.

"ఏడువు" అంది సుబ్బరావమ్మ. "నేను మాత్రం ఓదార్చను."

ఓదార్చలేదు. అది కాస్త తగ్గేదాకా అట్లాగే కూర్చుంది. తర్వాత మంచం కిందికి వంగి, బొంత జరిపి, చేనుగట్టు మీదనించి తెచ్చి దాచిన మందు డబ్బా తీసి ఇద్దరి మధ్యా పెట్టింది. అడుగున ఇంకా ఉంది, కదిపితే చప్పుడైంది.

అంకమ్మ పోయాక చాలాసార్లు దీని మూత తీశానని సుబ్బరావమ్మ చెప్పింది. తీసినప్పుడల్లా గుమ్మంలోంచి అరుగు మీద ఆ నీడ కనపడేది. ఇంట్లో ఒక మనిషి కూర్చుని ఉండగా ఎట్లా తాగుతారు ఎవరైనా? వచ్చినవాళ్ళు లేచి పోయేదాకా ఆగాలి కదా. అది లేచి పోతుందని పొద్దుటినించి చూసేది. సాయంత్రమయ్యేది, అది పోయేది కాదు. అప్పుడు తిట్టుకుంటూ లేచి ఇంత వండుకునేది. ఊడ్చేటప్పుడు దాని మీద చీపురు పడనివ్వకుండా చుట్టూ ఊడ్చేది. చలికాలంలో దాని మీద ఒక గోనెపట్టా కప్పింది. తోడు ఎట్లాగూ లేదు, నీడయినా ఉందిలే అనుకుంది. ఈమధ్య మాత్రం ఓపిక అయిపోయింది, ఒక్కదానికి ఏం వండుకుంటాంలే అనిపించి పడుకుండిపోయింది.

"నీ నీడ ముందర దీన్ని తాగలేకపోయాను. నువ్వు దాన్ని తీసుకుపోతే మళ్ళీ నేనూ ఇదీ మిగులుతాం. ముందు దీని సంగతి చూసి, తర్వాత నీది తీసుకుపో."

దాని సంగతి చూడటం అంత తేలికైన పనా? కాలవలో పోస్తే గొడ్లు తాగుతాయి. దొడ్లో పోస్తే కోళ్ళు కెలుకుతాయి. ఖాళీ డబ్బా పారేస్తే ఎవరో ఒకరు కడుక్కుని నూనె పోసుకుంటారు, మా వైపు అదొక మాయరోగం. చివరికి లక్ష్మీదుర్గ ఎదురింట్లో గునపం అడిగి తెచ్చి, ఇంటికి దూరంగా, ఏమీ మొలవని చౌడు ముక్కలో గొయ్యి తవ్వింది. మట్టి ఎండి ఇనుములా ఉంది. అరిచేతులు బొబ్బలెక్కాయి. సుబ్బరావమ్మ గట్టుమీద కూర్చుని ఇంకా లోతు, ఇంకా లోతు అంటూనే ఉంది. మందు అందులో వంచి, డబ్బాకి గునపంతో చిల్లులు పొడిచి అదీ అందులోనే వేసి పూడ్చారు. పైన ఓ బండరాయి దొర్లించారు.

తర్వాత లక్ష్మీదుర్గ సబ్బుతో మోచేతులదాకా మళ్ళీ మళ్ళీ కడుక్కుని పొయ్యి ముట్టించింది. చావు ఇళ్ళలో మంచినీళ్ళు కూడా ముట్టకూడదని ఆఫీసులో ఇంకో రూలు. ఆమె గుప్పెడు బియ్యం ఎక్కువే పోసి, పప్పుచారు కాచింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తిన్నారు. ముసలామె ఉప్పు చాల్లేదంది. తింటూ తింటూ అంకమ్మ గురించి చెప్పింది, మిరపతోటలో అందరికన్నా ముందు సాలు అందుకునేదనీ, నవ్వితే పక్క చేలోకి వినపడేదనీ. ఆ సంగతులేవీ అంతకుముందు ఎవరూ అడగలేదు.

పొద్దు వాలుతుంటే సుబ్బరావమ్మే అంది. "ఇంక తీసుకుపో. పిల్ల ఉందన్నావుగా, చూస్తా ఉంటది."

లక్ష్మీదుర్గ అరుగు మీదికి వచ్చి నిలబడింది. నీడ మోకాళ్ళ మీదనించి తలెత్తింది. కాళ్ళు చాపుకుని, జరిగి, ఆమె పాదాలకి తన పాదాలు ఆనించింది. బండి ఎక్కి వీధి మలుపు తిరిగి వెనక్కి చూస్తే, పాదాలు తనతోనే వచ్చాయి, నడుము వీధి పొడుగునా సాగింది, తల మాత్రం అరుగు మీదే ఉంది, ముసలామె మోకాలి పక్కన. ఆమె గట్టిగా లాగలేదు. అట్లాగే పోనిచ్చింది. పర్చూరు దాటింది, మిల్లులు దాటింది, నీడ సన్నగా సాగుతూ వచ్చింది గానీ తెగలేదు.

అది మొదలు ఆమె నీడ సూర్యుడి మాట వినదు. పొద్దున్నయినా, నడినెత్తిన ఎండయినా, సాయంత్రమైనా ఆ ఊరివైపే పడుతుంది. పర్చూరు ఎటు అని పేటలో కొత్తవాళ్ళెవరైనా అడిగితే కిరాణాకొట్టాయన లక్ష్మీదుర్గని చూపించి, అదిగో ఆమె నీడ ఎటుంటే అటు పొండి అని చెబుతాడు. ఆమె ఇప్పుడూ చావు ఇళ్ళకి వెళ్తూనే ఉంది. ఇప్పుడు రాత్రిళ్ళు సరిగా నిద్ర పట్టడంలేదు, ఒక్కోరోజు క్యారేజీ విప్పకుండానే ఇంటికి తెస్తుంది, భవ్య మీద ఊరికే అరుస్తుంది, అరిచి దగ్గరికి తీసుకుంటుంది. కౌలు ఇంట్లో అయితే చాప మీద కూర్చోకముందే చెప్పేస్తుంది, మా దగ్గర్నించి మీకేమీ రాదమ్మా, రాదని నాకు తెలుసు, ఊరికే కూర్చోమంటే కూర్చుంటాను అని. కొందరు పొమ్మంటారు, తిడతారు. కొందరు కూర్చోమంటారు. ఇళ్ళ సంఖ్య మళ్ళీ తగ్గిందని ఆఫీసులో సణుగుడు మొదలైంది. వారం వారం ఆ ఊరు వెళ్ళి మామ్మని చూసొస్తుంది.

సుబ్బరావమ్మ పోలేదు. ఆ వేసవంతా కల్లాల్లో తాలుకాయ ఏరడానికి వెళ్ళింది. మధ్యాహ్నం ఇంటికొచ్చి అరుగు మీద కాసేపు నడుం వాలుస్తుంది. పేటలో ఆఫీసు మీటింగు నడుస్తుండగా ఒక్కోసారి లక్ష్మీదుర్గ పాదాల దగ్గర సన్నగా లాగినట్టవుతుంది. మామ్మ తలకింద పెట్టుకోవడానికి నీడని కాస్త దగ్గరికి జరుపుకుంటోందన్నమాట. అప్పుడు లక్ష్మీదుర్గ చప్పుడు కాకుండా తన కుర్చీని అటువైపు కొంచెం జరుపుతుంది, ముసలామెకి సరిగ్గా అందేటట్టు.